చెల్లుబాటు

తెలుగు భాషలో ‘చెల్లు’ అనే క్రియకు ఉన్న వ్యాప్తి ఆశ్చర్యకరమైనది. నాణెం చెల్లుతుంది, అప్పు చెల్లుతుంది, ఆజ్ఞ చెల్లుతుంది. పెద్దమనిషి మాట ఊరిలో చెల్లుతుంది. ఎవరికీ కొరగానివాడని లోకం త్రోసివేసిన మనిషిని ‘చెల్లని కాసు’ అంటారు. ఈ చివరి మాటలో ఒక పాత అనుభవం దాగి ఉన్నది. నాణెం తిరస్కృతమైనప్పుడు దానిని చాచి నిలబడిన చేయి కూడా ఆ తిరస్కారంలో కొంత పాలు పంచుకొంటుందని ఈ నుడికారాన్ని కల్పించిన జనం ఎరుగుదురు. దొంగనాణెం విషయంలో ఆ తిరస్కారం న్యాయమే. కాని ప్రభుత్వముద్ర కలిగి, ఏ లోపమూ లేని మంచి నాణేన్ని అంగడివాడు వద్దన్నప్పుడు జరిగేది ఏమిటి? అక్కడ చెల్లకుండా పోయినది నాణెమా, దానిని తెచ్చిన మనిషా, లేక దానిపై ముద్ర వేసిన సమాజం ఇచ్చిన మాటా? ఈ ప్రశ్న ఒకప్పుడు పండితుల వినోదం వలె కనిపించి ఉండేది. నేడు అది రోజూ బజారులో ఎదురయ్యే ప్రశ్న.

ఢిల్లీ నగరానికి నైరుతిదిశలో ద్వారక అనే ఉపనగరం ఉన్నది. ఢిల్లీ అభివృద్ధి సంస్థ మొదట పప్పన్‌కలాన్ అనే పేరుతో దీనిని తలపెట్టింది. తరువాత శ్రీకృష్ణుని పురం పేరు దీనికి వచ్చింది. సెక్టార్లుగా విభజించిన ఈ ఊరిలో సహకార గృహనిర్మాణ సంఘాల మేడలు వరుసలు తీరి ఉన్నవి. వాటి నడుమ బాగ్‌డోలా, అంబర్‌హాయీ, పోచన్‌పుర్ వంటి పాత పల్లెలు ఇరుకు సందులతో మిగిలి ఉన్నవి. మేడలలో నివసించే ఉద్యోగులకూ, వారి ఇండ్లలో అంట్లు తోమే స్త్రీలకూ, గేటు దగ్గర కాపలా ఉండేవారికీ, ఈ-రిక్షా నడిపేవారికీ ఊరు ఒకటే, బజారు ఒకటే. కాని ఆ బజారులో డబ్బు చేతులు మారే తీరు ఇప్పుడు రెండు విధాలు. కూరగాయల బండి మీద సైతం క్యూఆర్ కోడ్ అట్ట వ్రేలాడుతున్నది. కొనేవాడు చేతిఫోను దానికి చూపుతాడు; ఇంత సొమ్ము ముట్టినదని ఒక చిన్న పెట్టె బిగ్గరగా ప్రకటిస్తుంది. ఇంతవరకు ఇది సౌకర్యం. దీనిని నిందించవలసిన పని ఎవరికీ లేదు. అయితే ఢిల్లీ వంటి మహానగరాలలో కొన్ని కాఫీ దుకాణాలు, కొన్ని వినోదస్థలాలు, కొన్ని పార్కింగు స్థలాలు మరొక మెట్టు ఎక్కినవి. అక్కడ రొక్కం ఇచ్చేవానికి ప్రవేశం లేదు. సౌకర్యం నియమంగా మారిన ఆ మెట్టు దగ్గరే నీతిప్రశ్న మొదలవుతుంది.

ఈ మార్పు ఎంత విపరీతమైనదో గ్రహించడానికి పాత కిరాణాకొట్టును తలచుకొంటే చాలు. తెలుగునాట ప్రతి కొట్టులోను, దేవుని పటం క్రింద, ఒక అట్టముక్క ఉండేది: నేడు రొక్కం, రేపు అరువు. ఉత్తరాదిని హిందీ దుకాణాలలోనూ ఇదే మాట ఉండేది. తొమ్మిది రూపాయల నగదు పదమూడు రూపాయల అప్పుకన్న మేలని అక్కడ సామెత. తరతరాల వర్తకులు రొక్కం కోసం ప్రార్థించారు, రొక్కం తెచ్చినవానికి పీట వేశారు, తూకంలో కొసరు వేశారు. వారు భయపడినది అరువు అడిగేవానికి. రొక్కం చేతబట్టుకొని వచ్చినవాడు అంగడి వాకిట అనుమానితుడై నిలబడే రోజు వస్తుందని ఆ వర్తకులలో ఎవరూ ఊహించి ఉండరు.

ఆ రోజు హఠాత్తుగా రాలేదు. 2016 ఏప్రిల్ 11న యూపీఐ అనే చెల్లింపు విధానం ఆరంభమైనది. అదే సంవత్సరం నవంబరు 8 రాత్రి అయిదువందల, వెయ్యి రూపాయల నోట్లు రద్దయినవి. విలువను బట్టి లెక్కిస్తే దేశంలో చెలామణిలో ఉన్న కాగితపు ద్రవ్యంలో నూటికి 86 పాళ్ళు ఒక్క ప్రకటనతో చెల్లకుండా పోయినవి. బ్యాంకుల ముందు బారులు తీరి నిలబడిన ప్రజలకు ఆ దినాలలో ఒక పాఠం అందింది. చేతిలోని కాగితం బంగారం వంటిది కాదు. అది ఒక మాట మాత్రమే. మాట ఇచ్చినవాడు దానిని వెనుకకు తీసుకొనగలడు. తరువాత వచ్చిన మహమ్మారి మరొక పాఠం నేర్పింది. 2020 మార్చి 22న నిలిచిపోయిన ఢిల్లీ మెట్రో సెప్టెంబరు 7న తిరిగి నడక సాగించింది; ద్వారకకు పోయే నీలి మార్గం 9వ తేదీన తెరుచుకొన్నది. మొదట టోకెన్ల అమ్మకం లేదు. స్మార్ట్ కార్డు ఉన్నవారికే ప్రయాణం. ఆ కార్డులో సొమ్ము నింపడం కూడా నగదు లేకుండానే. అంటురోగ భయం తీవ్రంగా ఉన్న సమయంలో ఆ నియమానికి కారణం ఉన్నది. తరువాత నగదు కౌంటర్లు మళ్ళీ తెరుచుకొన్నవి కూడా. కాని కొన్ని వారాలపాటు, ప్రజల సొమ్ముతో నిర్మించిన రైలు మెట్లదగ్గర, రాజముద్ర గల నోటు చేతబట్టినవానికి దారి లేకపోయింది. ఆపత్కాలంలో నేర్చిన అలవాట్లు ఆపద తీరిన పిమ్మట కూడా కొంత మిగిలి ఉంటవి.

రహదారి కథ ఇంకా స్పష్టమైనది. ద్వారక పేరు పెట్టుకొన్న ఎక్స్‌ప్రెస్ వే సుమారు 29 కిలోమీటర్ల జాతీయ రహదారి. దాని హర్యానా భాగం 2024 మార్చి 11న, ఢిల్లీ భాగం 2025 ఆగస్టు 17న ప్రారంభమైనవి. జాతీయ రహదారుల సుంకపు గేట్ల వద్ద 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుండి ఫాస్టాగ్ తప్పనిసరి అయినది. అది లేని బండికి సుంకం రెట్టింపు. 2025 నవంబరు 15న అమలులోకి వచ్చిన సవరణ ఈ నియమాన్ని కొంత సడలించింది: ఫాస్టాగ్ లేనివాడు యూపీఐ ద్వారా చెల్లిస్తే ఒకటింబావు వంతు, రొక్కంగా చెల్లిస్తే రెండింతలు. గేట్ల వద్ద బండ్లు బారులు తీరకుండా చూడడం మంచి ప్రయోజనమే. అయినా ఈ లెక్కలో ఒక వైచిత్రి ఉన్నది. నోటుమీద ముద్ర వేసినదీ రాజ్యమే. ఆ నోటు తెచ్చినవానికి జరిమానా వేసినదీ రాజ్యమే. తన మాటనే తాను రెట్టింపు ధరకు కొనుమని పౌరునితో చెప్పినట్లున్నది.

రొక్కం వద్దనే వర్తకుని పక్షాన వాదం లేకపోలేదు. దానిని తేలికగా త్రోసిపుచ్చడం సత్యం కాదు. నగదు ఉన్నచోట దొంగతనం భయం, దొంగనోట్ల భయం, లెక్క తప్పుతుందనే భయం ఉంటవి. చిల్లర లేక చాక్లెట్ చేతిలో పెట్టి పంపిన దుకాణాలను ఎరుగని వారు లేరు. పొద్దుగూకిన తరువాత గల్లాపెట్టె ముందు కూర్చొని నోట్లు లెక్కపెట్టడం, మరునాడు బ్యాంకుకు పరుగెత్తడం కొట్టుయజమానికి తప్పని చాకిరీ. ఫోను ద్వారా వచ్చిన సొమ్ము నేరుగా ఖాతాలో పడుతుంది. జీతానికి కుదిరిన కుర్రవానిని అనుమానించవలసిన అవసరం తప్పుతుంది. వీధి వర్తకులకు ఋణం ఇవ్వడానికి 2020 జూన్ 1న మొదలైన పథకం ఫోను చెల్లింపులకు ప్రోత్సాహకం కూడా ఇచ్చింది. ఎన్నడూ బ్యాంకు గడప తొక్కని తోపుడుబండివానికి తన వ్యాపారం ఒక లెక్కగా కాగితంమీద కనబడడం చిన్న గౌరవం కాదు.

పేదవానికి రొక్కమే ఎల్లప్పుడూ మిత్రమని చెప్పడం కూడా పొరపాటే. చేతికి చేతికి మారిన కూలిడబ్బులో మేస్త్రీ ఎంత కోసుకొన్నాడో చెప్పే సాక్షి ఉండడు. వడ్డీవ్యాపారి పుచ్చుకొన్న బాకీకి రసీదు ఉండదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకం ఆరంభమైన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో కూలిని పోస్టాఫీసు ఖాతాల ద్వారా, బ్యాంకు ఖాతాల ద్వారా చెల్లించారు. దానికి తోడు ఊరి నడుమ సామాజిక తనిఖీ జరిపారు. అక్కడ ఖాతా పేదవానికి కవచమైనది. తన పేరు మీద, తన వేలిముద్ర మీద జమ అయిన సొమ్మును మరొకడు కాజేయడం కష్టమైనది. కనుక ప్రశ్న యంత్రానికీ నాణేనికీ నడుమ ఉన్నది కాదు. ఒక సాధనం మనిషికి మరొక తలుపు తెరిచినప్పుడు అది మేలు. అదే సాధనం ఉన్న ఒక్క తలుపును మూసినప్పుడు దానిని ఏమని పిలవాలో ఆలోచించవలసి ఉన్నది.

ఆలోచించడానికి ముందు నగదు అంటే ఏమిటో తెలియాలి. రెండు రూపాయలు మొదలుకొని పైనున్న ప్రతి నోటుమీద రిజర్వు బ్యాంకు గవర్నరు చేసిన ఒక వాగ్దానం ఉంటుంది. దానిని తెచ్చినవానికి ఇంత సొమ్ము ఇస్తానని ఆయన సంతకం చేస్తాడు. ‘తెచ్చినవానికి’ అన్న ఆ చిన్న మాటలో ఒక మహాధర్మం ఇమిడి ఉన్నది. తెచ్చినవాడు ఎవడని ఆ వాగ్దానం అడుగదు. పేరు, కులం, ఊరు, చిరునామా, ఖాతాసంఖ్య, ఫోనుసంఖ్య అడుగదు. నోటుమీద విలువ హిందీ, ఇంగ్లీషులతో కలిపి పదిహేడు భాషలలో ముద్రించి ఉన్నది. వాటిలో తెలుగూ ఒకటి. 2016 తరువాత వచ్చిన పెద్ద నోట్ల అంచున కండ్లు లేనివారు తడిమి తెలుసుకొనే ఉబ్బెత్తు గీతలు ఉన్నవి. హిందీ రాని కూలివానినీ, చూపులేని వృద్ధురాలినీ తలలో ఉంచుకొని మలచిన కాగితం అది. రాజ్యం పౌరునికి ఇచ్చే పత్రాలలో ఏ అర్హతా కోరనిది బహుశా ఇది ఒక్కటే.

1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం 26వ విభాగం ప్రకారం బ్యాంకు నోటు భారతదేశంలో ఏ ప్రదేశంలోనైనా చట్టబద్ధమైన చెల్లింపు సాధనం. దానికి కేంద్రప్రభుత్వం హామీ. 2011 నాటి నాణేల చట్టం రూపాయి, అంతకు మించిన నాణేలను వెయ్యి రూపాయల మొత్తం వరకు చట్టబద్ధం చేసింది. ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు వివాదం ఎక్కడిది? న్యాయవాదులు ఇక్కడ ఒక సూక్ష్మభేదం చూపుతారు. పూటకూళ్ళ ఇంట అన్నం తిన్న తరువాత బాకీ పుడుతుంది. ఆ బాకీకి ఇచ్చిన రొక్కాన్ని వద్దనడం కష్టం. అంగట్లో సరుకు చేతికి రాకముందు బాకీ ఇంకా పుట్టలేదు; ఏ షరతుమీద అమ్మాలో అమ్మేవాని ఇష్టమని వాదించవచ్చు. ఈ భేదం తర్కానికి నిలుస్తుంది కాని లోకవృత్తానికి నిలువదు. ఆకలితో వచ్చినవానికి అన్నం తిన్న తరువాత లభించే హక్కు, తినకముందు లేకపోతే ఆ హక్కు వలన ప్రయోజనమేమి?

చట్టం ఒక చోట, చెల్లుబాటు మరొక చోట ఉండగలవని తెలుగువారికి పది రూపాయల నాణెం నేర్పింది. రూపాయి గుర్తు ఉన్న నాణెం మంచిదని, లేనిది దొంగదని వదంతి పుట్టి ఎన్నో ఊళ్ళలో కొట్లవారు, బండ్లవారు వాటిని ముట్టడం మానివేశారు. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతవని ప్రకటించింది. అయినా చాలాచోట్ల శంక తీరలేదు. కొట్టువాడు తీసుకోడు కనుక ప్రయాణికుడు తీసుకోడు. ప్రయాణికుడు తీసుకోడు కనుక కొట్టువాడు తీసుకోడు. ఎవరికి ఎవరి మీద కోపమూ లేదు. అయినా మంచి నాణెం మూలపడింది. డబ్బు చెల్లడమంటే నలుగురూ ఒకరి చేతినుండి ఒకరు తీసుకొనడమే. పుచ్చుకొనేవాడు తన తరువాత మరొకడు పుచ్చుకొంటాడని నమ్మాలి. ఒక్కొక్క నిరాకరణ ఆ నమ్మకపు గొలుసులో ఒక కడియాన్ని తెంచుతుంది. ఆ నష్టం తెంచినవానికి కనబడదు. మరెక్కడో, మరెవరికో తగులుతుంది.

ప్రాచీనులు ఈ సంగతిని బాగా ఎరుగుదురు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ నాణేన్ని తెలిపే ‘నోమిస్మా’ అనే పదం చట్టమని, కట్టుబాటని అర్థమిచ్చే ‘నోమోస్’ నుండి వచ్చినదని చెప్పాడు. ధనం ప్రకృతివలన పుట్టినది కాదు. మనుష్యుల సమ్మతివలన పుట్టినది. కౌటిల్యుడు మరింత లౌకికుడు. అర్థశాస్త్రంలో నాణేలను పరీక్షించే ‘రూపదర్శకుడు’ అనే అధికారి ఉన్నాడు. త్రోసివేయరాని మంచి నాణెపు చెలామణిని చెరచినా, త్రోసివేయవలసిన చెడ్డ నాణేన్ని విడిచిపెట్టినా అతనికి పన్నెండు పణాల దండన విధించాడు. రెండు తప్పులకూ ఒకటే శిక్ష అన్నది గమనించదగిన విషయం. చెడును అంగీకరించడం ఎంత అపరాధమో, మంచిని నిరాకరించడమూ అంతే అపరాధం. ఢిల్లీకి ఈ విషయంలో స్వానుభవం కూడా ఉన్నది. 1330 ప్రాంతంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ వెండి టంకాల విలువతో చెల్లాలని రాగి, ఇత్తడి నాణేలు వేయించాడు. దొంగనాణేలు వెల్లువెత్తినవి, వర్తకులు వాటిని త్రోసిపుచ్చారు. చివరకు సుల్తాను వాటిని వెనుకకు తీసుకొని ఖజానానుండి వెండిబంగారాలు ఇవ్వవలసి వచ్చింది. రాజు ఆజ్ఞ ఒక్కటే నాణేన్ని చెల్లించలేదని, ప్రజల నమ్మకం లేనిదే ఆజ్ఞ వట్టి లోహమని ఆ కథ చెబుతున్నది. నేటి స్థితి దీనికి ఎదురుబొదురు. నేటి నోటుమీద ప్రజలకు నమ్మకం ఉన్నది. కొన్ని గడపలు మాత్రమే దానిని వద్దంటున్నవి.

రొక్కంతో జరిగే బేరంలో ఇద్దరే ఉంటారు. ఒకడు ఇస్తాడు, ఒకడు పుచ్చుకొంటాడు. కాదంటే కాదన్న మనిషి ఎదుటనే ఉన్నాడు. అతని ముఖం చూడవచ్చు, కారణం అడుగవచ్చు, సిగ్గుపరచవచ్చు. ఫోను ద్వారా జరిగే బేరంలో కనబడని చేతులు ఎన్నో ఉంటవి. కొనేవాని బ్యాంకు, అమ్మేవాని బ్యాంకు, నడుమ ఉన్న సంస్థ, ఫోను తయారుచేసినవాడు, సంకేతాలు అందించే గోపురం, విద్యుత్తు. వీటిలో ఏ ఒక్కటి కాదన్నా రెండిడ్లీల బాకీ తీరదు. 2025 మార్చి 26న, మళ్ళీ ఏప్రిల్ 12న యూపీఐ కొన్ని గంటలు స్తంభించింది. జేబులో నోటు ఉన్నవాడు ఆ గంటలలో అన్నం తిన్నాడు. ఖాతాలో ఎంత ఉన్నా నోటు లేనివాడు వేచి ఉన్నాడు. ఇట్టి అంతరాయాలు క్రమంగా తగ్గవచ్చు. కాని నీతిదృష్టితో చూస్తే అంతరాయం కన్న ముఖ్యమైన విషయం ఒకటి ఉన్నది. సర్వరు పనిచేయడం లేదన్న మాటలో కర్త లేడు. ఎవరూ కాదనలేదు, అయినా పని కాలేదు. బాధ్యత పలుచనై పలుచనై గాలిలో కలిసిపోతుంది. రోగికి మందు దొరకనప్పుడు మందులకొట్టువాడు చేతులు చూపుతాడు, బ్యాంకు సంస్థను చూపుతుంది, సంస్థ యంత్రాన్ని చూపుతుంది. తప్పు ఎవరిదో చెప్పలేని లోకం తప్పులు లేని లోకమని భ్రమపడడం సులభం.

పేరు చెప్పనక్కరలేని స్వేచ్ఛ నగదులోని మరొక గుణం. తెలుగు ఇండ్లలో పోపుల డబ్బాకు ఉన్న అర్థం అందరికీ తెలిసినదే. ఇంటి ఖర్చులో మిగిల్చిన రూపాయలను గృహిణి ఆవాల క్రిందనో మెంతుల క్రిందనో దాచుకొనేది. అది దొంగసొమ్ము కాదు, నల్లధనం కాదు. కూతురికి ఒక రవికగుడ్డ, పుట్టింటికి ఒక బస్సుటికెట్టు, ఎవరినీ అడుగకుండా ఒక డాక్టరు ఫీజు. ఆమె స్వాతంత్ర్యం ఆ డబ్బాలో ఉండేది. 2016లో ఎందరో స్త్రీలు ఆ డబ్బాను భర్త ముందు, బ్యాంకు ముందు బోర్లించవలసి వచ్చింది. ఇంటిలోని ఒక్క ఫోను భర్త చేతిలోనే ఉన్న కుటుంబాలు దేశంలో ఎన్నో ఉన్నవి. అట్టి ఇంటి స్త్రీకి రొక్కం తీసుకోని అంగడి వట్టి అసౌకర్యం కాదు. ఆమె కొనే ప్రతి వస్తువుకూ భర్త అనుమతి కావాలనడమే. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల పీఠం ఆంతరంగికత పౌరుని ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. ఆ హక్కును పండితులు పెద్ద పెద్ద విషయాలకు అన్వయిస్తారు. పోపుల డబ్బాకు అన్వయించినా అది అంతే నిజం.

నగదును చాటుచేసుకొని పన్ను ఎగవేసేవారూ, లంచం మేసేవారూ ఉన్నారు గదా అని ఆక్షేపణ. ఉన్నారు. అందుకే 2017 ఏప్రిల్ 1 నుండి రెండు లక్షలు, అంతకు మించిన మొత్తాన్ని రొక్కంగా పుచ్చుకొనడం నిషిద్ధమైనది. పెద్ద మొత్తాలమీద పెట్టిన ఈ అదుపు సమంజసమే. పెద్దదొంగకు వేసిన వల చిన్నచేప గొంతుకు చుట్టుకొన్నప్పుడు మాత్రం వలను పరీక్షించవలసి వస్తుంది. 2025 జూలైలో బెంగళూరులో జరిగినది దీనికి నిదర్శనం. యూపీఐ ద్వారా వచ్చిన సొమ్ము లెక్కలను బట్టి వాణిజ్యపన్నుల శాఖ చిన్న వర్తకులకు తాఖీదులు పంపింది. వెంటనే ఎన్నో కొట్లలో యూపీఐ లేదు, నగదు మాత్రమే అన్న అట్టలు వెలసినవి. పట్టణంలో ఒక మూల రొక్కం చెల్లని దుకాణం, మరొక మూల రొక్కం తప్ప మరేదీ చెల్లని దుకాణం. రెండు చోట్లా కాదన్నది అంగడివాడే. కాని రెండు నిరాకరణల బరువు ఒకటి కాదు. ఒకటి బలవంతుని సౌకర్యం నుండి పుట్టింది. రెండవది బలహీనుని భయం నుండి పుట్టింది. ఎవరు కాదన్నారనే దానితో పాటు, కాదన్నందువలన ఎవరు దిక్కులేనివారైనారని కూడా చూడాలి.

నగదు దానంతట అదే అంతరిస్తున్నది, దాని గూర్చి ఇంత విచారమెందుకని మరొక ఆక్షేపణ. లెక్కలు అట్లా చెప్పడం లేదు. యూపీఐ చెల్లింపులు 2023 ఆగస్టులో నెలకు వెయ్యి కోట్లు దాటినవి. 2025 ఆగస్టులో రెండువేల కోట్లు దాటినవి. అదే కాలంలో చెలామణిలోని నోట్ల విలువ తగ్గలేదు. 2016 నవంబరు మొదట్లో సుమారు 18 లక్షల కోట్ల రూపాయలు ఉన్నది 2024 మార్చి నాటికి దాదాపు 35 లక్షల కోట్లకు చేరింది. ప్రజలు రెంటినీ కావాలన్నారు. సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్‌ను 2016 చివర నగదు లేని గ్రామంగా ప్రకటించి ప్రశంసించారు. మరుసటి ఏడాదికే ఆ ఊరివారు మళ్ళీ నగదు వాడుతున్నారని పత్రికలు వ్రాసినవి. ఆ గ్రామస్థులను వెనుకబడినవారనడం తొందరపాటు. కొత్త సాధనం తమకు ఎంత పనికివస్తుందో అంతవరకు వాడుకొని, పాతది ఎక్కడ అక్కరకు వస్తుందో అక్కడ నిలుపుకొనడం వివేకమే.

ఊరి పేరును బట్టి ఇక్కడ ఒక పురాతన వృత్తాంతం తలపుకు రాక మానదు. భాగవత దశమస్కంధంలో కుచేలుడు ద్వారకకు పోయిన కథ పోతన తెలుగులో చదువని తెలుగువారు అరుదు. చినిగిన ఉత్తరీయపు కొంగున గుప్పెడు అటుకులు ముడివేసుకొని ఆ పేదబ్రాహ్మణుడు బంగారుమేడల నగరంలో అడుగుపెట్టాడు. ద్వారకకు ఆ పేరే ద్వారాలవలన వచ్చినది. ఆ ద్వారాలలో ఏదీ అతనికి మూసుకొనలేదు. అయినా తెచ్చిన అటుకులు అంతటి వైభవం ముందు చూపడానికి అతడు సిగ్గుపడ్డాడు. తాను తెచ్చినది ఇక్కడ చెల్లదని అతని భయం. శ్రీకృష్ణుడు అడిగి, ముడి తానే విప్పి, పిడికెడు నోట వేసుకొన్నాడు. సంపదలు ఇచ్చాడన్నది కథలో తరువాతి సంగతి. మొదట చేసిన మేలు పుచ్చుకొనడం. ఇచ్చేవానికి ఉండే గొప్పతనాన్ని లోకం చాలాసార్లు కొనియాడింది. పుచ్చుకొనేవాని చేతిలోనూ అంత శక్తి ఉన్నదని ఈ కథ తెలిపింది. ఎదుటివాని వద్ద ఉన్నదానిని అంగీకరించడమంటే అతనిని అంగీకరించడం.

బజారు స్నేహితుని ఇల్లు కాదు. కొట్టువానినుండి కృష్ణుని హృదయాన్ని ఎవరూ కోరరు. కోరనక్కర లేకుండా చేయడానికే నాణెం పుట్టింది. స్నేహం లేనిచోట, పరిచయం లేనిచోట, ఒకరి భాష ఒకరికి రానిచోట కూడా మనిషి మనిషిని అంగీకరించే కనీసపు మర్యాద దానిలో ఉన్నది. కుచేలునికి బాల్యమిత్రుడు ఉన్నాడు. బీహారునుండో శ్రీకాకుళంనుండో ఢిల్లీకి వచ్చి ద్వారక మేడల గోడలు కడుతున్న కూలివానికి ఆ నగరంలో మిత్రుడు లేడు. అతని చేతిలోని నోటే అతని పరిచయపత్రం. దానిని చూపి అతడు రొట్టె అడిగినప్పుడు, నీవెవరని అడుగకుండా రొట్టె ఇచ్చే ఏర్పాటును నాగరికత అంటారు.

ఇతర దేశాలు ఈ ప్రశ్నను ఎదుర్కొని కొన్ని సమాధానాలు చెప్పినవి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1978లోనే చిల్లర వర్తకులు రొక్కం తీసుకొనవలెనని చట్టం చేసింది. ఫిలడెల్ఫియాలో 2019లో, న్యూయార్కు నగరంలో 2020లో అట్టి నియమాలే వచ్చినవి. చైనాలో ఫోను చెల్లింపులు వెల్లువెత్తిన తరువాత, 2018లో అక్కడి కేంద్రబ్యాంకు నగదును నిరాకరించడం చట్టవిరుద్ధమని హెచ్చరించింది. నార్వే 2024 అక్టోబరు 1 నుండి నగదుతో చెల్లించే హక్కును బలపరచింది. స్వీడన్ కథ మరింత ఆసక్తికరమైనది. ఐరోపాలో తొలి బ్యాంకునోట్లు 1661లో వెలువడినది ఆ దేశంలోనే; నోటును అందరికన్న ముందు మరచిపోయే స్థితికి వచ్చినదీ ఆ దేశమే. అదే స్వీడన్ 2024లో, యుద్ధమో ఆపదో వస్తే ఏమి చేయాలో తెలిపే పుస్తకాన్ని ఇంటింటికీ పంపుతూ, కొంత రొక్కం ఇంట ఉంచుకొనుమని పౌరులకు సలహా ఇచ్చింది. ఈ దేశాలేవీ యంత్రాలను ద్వేషించేవి కావు. వాటితో ఎక్కువ దూరం నడిచినందువలననే, వదలిపెట్టరానిదేదో వాటికి తెలియవచ్చింది.

ఈ విచారణనుండి తేలే ధర్మసూత్రం కఠినమైనది కాదు. ఇష్టపడడం వేరు, నిరాకరించడం వేరు. మెట్రోరైలులో స్మార్ట్ కార్డు వాడేవానికి నూటికి పది తగ్గించారు, అది పిలుపు. రొక్కం తెచ్చినవానిని గేటు బయట నిలిపితే అది గెంటివేత. పిలుపుతో మనుషులను క్రొత్త దారికి త్రిప్పడం సమాజానికి ఉన్న హక్కు. గెంటివేయడం మాత్రం ఎదుటివానికి మరొక దారి ఉన్నప్పుడే సహింపదగినది. విలాసవస్తువులు అమ్మే దుకాణం ఏ విధంగా పుచ్చుకొన్నా లోకానికి పెద్ద నష్టం లేదు. ఆ కాఫీ దొరకనివానికి పక్కవీధిలో టీ దొరుకుతుంది. అన్నం, మందు, ప్రయాణం, బడి ఫీజు, ఆసుపత్రి, ప్రభుత్వానికి కట్టే సుంకం వంటివాటిలో పక్కవీధి లేదు. అక్కడ ఒక్క కిటికీ అయినా రొక్కానికి తెరచి ఉండాలి. ఆ కిటికీ వద్ద కొంత ఆలస్యమైతే కావచ్చు, ఒక గుమాస్తా జీతం ఖర్చయితే కావచ్చు. నలుగురికి రోజూ కలిగే సౌకర్యపు విలువనుండి ఆ జీతం ఇవ్వడం ఆ నలుగురూ మోయగలిగిన భారమే. ఆ కిటికీ మూసివేస్తే అదే భారం అంతా ఒక్కడిమీద, మోయలేనివానిమీద పడుతుంది.

దీనికి రాజ్యానికి ఇతరులకన్న ఎక్కువ బాధ్యత ఉన్నది. నోటుమీద మాట ఇచ్చినది అదే. వర్తకుడు ఆ మాటను గౌరవించకపోతే అది వ్యాపారనీతికి సంబంధించిన లోపం. రాజ్యమే తన గేటు దగ్గర గౌరవించకపోతే అది సత్యానికి సంబంధించిన లోపం. సూర్యవంశపు రాజులు ఆడినమాట తప్పలేదని చెప్పుకొనే దేశంలో ఈ సంగతిని ఎవరికీ వివరించనక్కర లేదు. హరిశ్చంద్రుని పరీక్ష శ్మశానంలో జరిగింది. నేటి ప్రభుత్వాల పరీక్ష అంత భయంకరమైన చోట జరుగదు. అది టికెట్టు కౌంటరు వద్ద, సుంకపు గేటు వద్ద, ఆసుపత్రి బిల్లులు కట్టే కిటికీ వద్ద, నలిగిన నూరు రూపాయల నోటు పట్టుకొని ఒక ముసలివాడు నిలబడినప్పుడు జరుగుతుంది. అతడు తెచ్చినది చెల్లుతుందా అని అక్కడ ఎవరూ ప్రత్యేకంగా విచారించనవసరం లేదు. చెల్లుతుందని ఆ నోటుమీదనే వ్రాసి ఉన్నది, అతని భాషలో కూడా.